లాన్ జన్యువు గురించి అమ్మాయికి

చిరంజీవి అమ్మలుకు ఆశీస్సులు.

చెడిన ప్రోటీన్లను, కణానికి శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా ఎలా వదిలించుకుంటుందని ఫోనులో అడిగావు కదా. తీరిగ్గా రాస్తే గానీ తృప్తి ఉండదనిపించింది.

మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉన్నా దానిలోంచి తయారయ్యేవి 13 ప్రోటీన్లే. మిగిలిన వెయ్యికి పైగా ప్రోటీన్లు బయట తయారై, మడత విప్పుకొని పొరలు దాటి, లోపల మళ్లీ సరిగ్గా ముడుచుకోవాలి. పైగా శ్వాసక్రియలో పుట్టే చురుకైన ఆక్సిజన్ అణువులు వాటిని నిరంతరం దెబ్బతీస్తుంటాయి. అందుకే అక్కడ లాన్ అనే ప్రోటియేజ్, అంటే ప్రోటీన్లను కోసే ఎంజైమ్, కాపలా ఉంటుంది. దాని జన్యువు కేంద్రకంలో, 19వ క్రోమోజోమ్ మీద ఉంది.

ఆరు లాన్ అణువులు కలిసి ఉంగరంలా అమరుతాయి. మడత సడలిన ప్రోటీన్ కొసను పట్టుకుని, కణానికి ఇంధనం లాంటి ఏటీపీ ఇచ్చే శక్తితో, సూదిలో దారం ఎక్కించినట్టు మధ్య రంధ్రంలోకి లాగి, లోపలి గదిలో చిన్న చిన్న ముక్కలుగా కోస్తాయి. కోసే పని చేసే సెరీన్, లైసీన్ అనే అమైనో ఆమ్లాలు ఆ గదిలోనే దాగి ఉంటాయి కాబట్టి గట్టిగా ముడుచుకున్న ఆరోగ్యమైన ప్రోటీన్ జోలికి అవి పోలేవు. నాకు ఈ జాగ్రత్తే అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది.

పాఠం చెప్పేటప్పుడు నేను అకోనిటేజ్ దగ్గర కాసేపు ఆగుతాను. ఆహారం నుంచి శక్తి తీసే క్రెబ్స్ చక్రంలో సిట్రేట్‌ను ఐసోసిట్రేట్‌గా మార్చే ఈ ఎంజైమ్‌లో ఇనుము, గంధకం కలిసిన గుచ్ఛం ఉండడం వల్ల ఆక్సీకరణకు ఇది త్వరగా లొంగుతుంది. స్వల్పంగా దెబ్బతిన్న అకోనిటేజ్‌ను లాన్ చకచకా ముక్కలు చేస్తుందనీ, దెబ్బ మరీ ఎక్కువైతే అది గడ్డకట్టి లాన్‌కు లొంగదనీ 2002లో ప్రచురితమైన ప్రయోగాలు చూపించాయి. అంటే ఈ పని సకాలంలో జరగాలి. ఆలస్యమైతే అంతటి యంత్రమూ చేసేదేమీ ఉండదు.

లాన్ జన్యువు పూర్తిగా లోపించిన ఎలుకలు పిండదశలోనే చనిపోతాయి. మనుషుల్లో దీని రెండు ప్రతుల్లోనూ వచ్చే కొన్ని మార్పుల వల్ల మెదడు, కళ్లు, పళ్లు, చెవులు, ఎముకలు దెబ్బతినే కోడాస్ అనే అరుదైన వ్యాధి కలుగుతుందని 2015లో తేలింది. ఇన్ని అవయవాలు ఒక్క ప్రోటియేజ్ మీద ఎందుకు ఆధారపడ్డాయో ఆలోచించి, నీకు తోచింది రాయి.

ఆశీస్సులతో,
నాన్న