పాటెన్ గురించి అడిగావు కదా

చి. అమ్ములుకి,

బ్రిటన్ తన పాలనలోని హాంకాంగ్‌ను చైనాకి అప్పజెప్పే ముందు ఆఖరి ఐదేళ్లలో గవర్నర్ క్రిస్ పాటెన్ ఎన్నికల సంస్కరణలు తేవడం సాహసమా, అనవసరపు గొడవా అని అడిగావు. నువ్వు ఉద్యోగం చేస్తున్న ఊరు కాబట్టి కాస్త విడమరిచి రాస్తాను. నన్నడిగితే తప్పు పాటెన్‌ది కాదు, అంతకుముందు "ఇప్పుడే ఎందుకులే" అన్నవాళ్లది.

జపాన్ చెర నుంచి బయటపడి మళ్లీ గవర్నర్‌గా వచ్చిన మార్క్ యంగ్, 1946లోనే ఎన్నికైన సభ్యులు ఎక్కువగా ఉండే మునిసిపల్ కౌన్సిల్ పెడదామన్నాడు. ఆయన తర్వాతి గవర్నర్ గ్రాంథమ్‌కి అది రుచించలేదు. 1952లో అటకెక్కింది. మన మద్రాసు శాసనమండలికి 1920లోనే ఓట్లు పడ్డాయి, కొద్దిమందికే ఓటున్నా సరే. హాంకాంగ్‌లో మాత్రం 1985 దాకా శాసనమండలిలో అధికారులు, గవర్నర్ నియమించినవాళ్లే. 1997 జూలై 1న అప్పగింత అని 1984లో బ్రిటన్, చైనా సంతకాలు చేశాకే ఆ మండలికి మొదటిసారి ఎన్నికలు జరిగాయి, అవీ పరోక్షంగా.

నాకు ఒళ్లు మండేది 1987 సంగతి తలుచుకుంటే. మరుసటి ఏడు ప్రత్యక్ష ఎన్నికలు పెట్టాలా వద్దా అని ప్రభుత్వం జనాన్ని అడిగింది. పెట్టాలంటూ రెండు లక్షలకు పైగా సంతకాలు అందాయి. వాటిని ఉత్తరాల లెక్కలో కలపకుండా సంతకాల ఉద్యమమని విడిగా పెట్టారు. వద్దంటూ ఒకే నమూనాలో అచ్చేసి పంపిన కాగితాలను మాత్రం ఒక్కోదాన్నీ ఒక్కో ఉత్తరంగా లెక్కేశారు! చివరికి జనం ఒక మాట మీద లేరని తేల్చి 1991కి వాయిదా వేశారు. అప్పగింత తర్వాత హాంకాంగ్‌కి రాజ్యాంగంలా ఉండాల్సిన బేసిక్ లా తయారయ్యేదాకా కదలొద్దని చైనా పట్టుబట్టిన మాట నిజమే. కానీ అది 1989లో బీజింగ్ తియానన్మెన్ చౌక్ ఉద్యమాన్ని సైన్యంతో అణచడానికి ముందటి కాలం. అప్పటికింకా బీజింగ్‌కి హాంకాంగ్ వీధులంటే అంత అనుమానం లేదు.

1989 తర్వాత అంతా మారిపోయింది. 1991లో 60 స్థానాల్లో 18కే ప్రత్యక్ష ఎన్నిక. మరుసటేడు పాటెన్ వచ్చాడు. ఆయా వృత్తులు, వ్యాపారాల వాళ్లే ఎన్నుకునే వృత్తులవారీ స్థానాల్లో కొత్తగా తొమ్మిది రావాలి, వాటికి ఓటర్లెవరో బేసిక్ లా చెప్పలేదు. ఆయన ఆ సందులో దూరి, ఉద్యోగం చేసే ప్రతివాళ్లకీ వాటిలో ఓటన్నాడు: దాదాపు 27 లక్షల మంది. ఓటు వయసు 21 నుంచి 18కి దించాడు. ఇల్లు ఖాళీ చేసే నెలలో కొత్త గదులు కట్టినట్టు అనిపించింది చైనాకి. హాంకాంగ్ వ్యవహారాలు చూసే చైనా అధికారి లూ పింగ్ పాటెన్‌ని వెయ్యేళ్ల పాపి అన్నాడు. 1993లో బ్రిటన్, చైనా 17 విడతలు మాట్లాడుకున్నా ఏమీ తేలలేదు. 1994 జూన్‌లో మండలిలో పాటెన్ సంస్కరణల బిల్లుని నీరుగార్చే సవరణ ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. చదువుతుంటే ఇప్పటికీ టెన్షనే.

చైనా ఒప్పుకోనిది ఏదీ నిలవదని బ్రిటన్ మాజీ దౌత్యవేత్త పెర్సీ క్రాడక్ ముందే అన్నాడు. అలాగే అయింది. 1995లో గెలిచినవాళ్లు 1999 దాకా కొనసాగాల్సింది, 1997 జూన్ 30తోనే ఇంటికెళ్లారు. చైనా ఎంపిక చేసిన తాత్కాలిక మండలి అప్పటిదాకా షెన్‌జెన్‌లో సమావేశమై, జూలై 1న తెల్లారకముందే హాంకాంగ్‌లో చట్టం చేసేసింది. అయినా క్రాడక్ వాదన నాకు సగమే ఎక్కుతుంది. 1988లోనే మొదలై ఉంటే అప్పగింతకి ముందు రెండు మూడు ఎన్నికలు అలవాటయ్యేవి. అలవాటైనదాన్ని రద్దు చేయడానికి బీజింగ్ కూడా కాస్త వెనకాడేదని నా ఊహ. కాదంటావా?

మీ ఆఫీసులో అరవై దాటినవాళ్లు ఎవరైనా ఉంటే, 1987లో సంతకం పెట్టారో, అచ్చు కాగితం పంపారో అడిగి నాకు రాయి.

ఆశీస్సులతో,
నాన్న