అంబులెన్సు వచ్చేలోపు ఏం చేశామన్నదే ముఖ్యం

సంపాదకులకు నమస్కారం.

వ్యాయామశాలలోనో, పెళ్లి వేదిక మీదనో, తరగతి గదిలోనో అప్పటిదాకా బాగానే ఉన్న మనిషి ఉన్నట్టుండి కుప్పకూలిన వార్తలు పత్రికల్లో తరచుగా చదువుతున్నాం. సీసీ కెమెరా దృశ్యం, వయసు, కుటుంబ వివరాలు అన్నీ ఉంటాయి. ఆసుపత్రికి తరలించేలోగానే ప్రాణం పోయిందన్న వాక్యంతో వార్త ముగుస్తుంది. పడిపోయాక చుట్టూ ఉన్నవారు ఏం చేశారన్నది మాత్రం దాదాపు ఎక్కడా ఉండదు. ఆ మనిషి బతుకుతాడా లేదా అన్నది చాలావరకు తేలేది ఆ వ్యవధిలోనే కనుక ఈ లేఖ రాస్తున్నాను.

గుండె హఠాత్తుగా ఆగితే మెదడుకు రక్తం అందడం వెంటనే నిలిచిపోతుంది. నాలుగు నుంచి ఆరు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఛాతీని పదేపదే నొక్కి రక్తం ఆడించే సీపీఆర్ చేసేవారు లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుందన్నది వైద్యుల లెక్క. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 108 సేవ ఎన్నో ప్రాణాలు నిలిపింది. అయినా నగరపు ట్రాఫిక్‌ను దాటుకుని గానీ, ఏజెన్సీ గ్రామపు దారిలో గానీ ఆ వాహనం నాలుగు నిమిషాల్లో వచ్చేయాలనుకోవడం న్యాయం కాదు.

ఆ కాస్త సమయాన్ని మనం ఎలా ఖర్చు చేస్తున్నామో చూడండి. ఒకరు నోట్లో నీళ్లు పోస్తారు, ఇంకొకరు అరికాళ్లు రుద్దుతారు, మరొకరు చేతిలో తాళంచెవుల గుత్తి పెడతారు. స్పృహలేని మనిషి నోట్లో పోసిన నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి తప్ప మేలు చేయవు. తర్వాత నలుగురు కలిసి లేపి ఆటోలో కూర్చోబెడతారు. ఆ ప్రయాణం పొడుగునా గుండె ఆగే ఉంటుంది. వీటన్నిటికంటే మోసం చేసేది ఎగశ్వాస. గుండె ఆగిన తొలి నిమిషాల్లో కొందరు నోరు తెరిచి, గురకలాంటి శబ్దంతో ఆగి ఆగి గాలి పీలుస్తారు. ఊపిరి ఆడుతోంది కదా అని చుట్టూ ఉన్నవారు ఊరుకుంటారు. అది శ్వాస కింద లెక్కకాదు, గుండె ఆగిందనడానికి గుర్తు.

భుజాలు తట్టి గట్టిగా పిలిచినా పలకక, శ్వాస మామూలుగా లేకపోతే ఒకరు 108కు ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాలి, ఇంకొకరు ఆలోచిస్తూ నిలబడకుండా ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. మనిషిని పరుపు మీద కాకుండా గట్టి నేలపై వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మణికట్టు వైపు భాగాన్ని ఆనించి, దాని మీద రెండో చెయ్యి వేసి, మోచేతులు వంచకుండా ఒంటి బరువంతా మోపి నొక్కాలి. పెద్దవాళ్లకు ఛాతీ 5 సెంటీమీటర్లకు తక్కువ కాకుండా, 6 దాటకుండా దిగాలి. నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. రెండు నిమిషాలకే చేతులు అలిసిపోతాయి కాబట్టి మనుషులు మారుతూ ఉండాలి. నోటితో ఊపిరి ఇవ్వడం రానివారు నొక్కడం ఒక్కటే చేసినా మేలే. నీళ్లలో మునిగినవారికీ చిన్నపిల్లలకూ మాత్రం ఊపిరి కూడా అందించడం అవసరం. పక్కటెముక విరుగుతుందేమోనని వెనకాడవద్దు. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

గుండెపోటు వచ్చినా స్పృహలో ఉన్న మనిషికి ఛాతీ నొక్కకూడదు. ఛాతీలో బరువు, చెమటలు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి ఉంటే గ్యాస్ అని సోడా తాగించకుండా కూర్చోబెట్టి, 108ని పిలిచి, ఈసీజీ తీసే ఆసుపత్రికి చేర్చాలి. అతన్ని మెట్లు దింపి నడిపించడం, తన బండి తానే నడుపుకొని వెళ్లమనడం ప్రమాదకరం.

పడిపోయింది స్త్రీ అయితే మనవాళ్లు ఇంకా వెనకాడతారు. పరాయి ఆడమనిషి గుండెల మీద చెయ్యి వేయడమెలా అన్న బిడియానికి ఆమె ప్రాణం మూల్యమవుతుంది. బహిరంగ స్థలాల్లో పడిపోయిన స్త్రీలకు మగవారికంటే తక్కువగా ఈ సాయం అందుతోందని విదేశీ అధ్యయనాలు సైతం చెబుతున్నాయి. ఇక కేసులో ఇరుక్కుంటామన్న భయం. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో చేరిన 134ఏ సెక్షన్ సాయం చేసినవారిని కాపాడుతుంది కానీ అది రోడ్డు ప్రమాదాలకే పరిమితం. ఒకరి మేలు కోరి సద్బుద్ధితో చేసిన పనిలో జరిగిన హానిని నేరంగా పరిగణించరాదని చెప్పే భారతీయ న్యాయ సంహిత 30వ సెక్షన్ మనకు ఉంది. అయినా గుండె ఆగి పడిపోయినవారికి సాయపడేవారికి కూడా 134ఏ వంటి స్పష్టమైన రక్షణ రాసిపెడితే జనంలో ధైర్యం పెరుగుతుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ కూడలిలో పడిపోయిన వ్యక్తికి విధుల్లో ఉన్న ట్రాఫిక్ కానిస్టేబుల్ అక్కడికక్కడే ఛాతీ నొక్కి ప్రాణం నిలిపిన వీడియోను లక్షలమంది చూశారు. మరుసటి నెలలోనే తెలంగాణ ప్రభుత్వం సీపీఆర్ శిక్షణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇటువంటి శిక్షణ తరచుగా సభగా మారిపోవడమే నా బాధ. ఒక కళాశాలలో చూశాను. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, ప్రసంగాలు అయ్యేసరికి భోజనాల వేళయింది. నేల మీద పెట్టిన శిక్షణ బొమ్మ ఛాతీని నొక్కే అవకాశం ముందు వరుసలోని కొద్దిమందికే దక్కింది. ఒక అమ్మాయి రెండు మూడుసార్లు మెత్తగా నొక్కింది, బొమ్మలోంచి శబ్దం రాలేదు. శిక్షకుడు చెప్పగా మోకాళ్ల మీద లేచి బలమంతా వేస్తే టక్కుమంది. ‘ఇంత గట్టిగానా సార్!’ అంది. ఆ గట్టితనం ప్రసంగం వింటే తెలిసేది కాదు. మిగతావారంతా అది తెలియకుండానే ధ్రువపత్రాలు పట్టుకుని ఇంటికి వెళ్లారు.

అందుచేత పదో తరగతి పూర్తయ్యేలోగా ప్రతి విద్యార్థీ ఒక్కసారైనా బొమ్మపై స్వయంగా నొక్కేలా రెండు రాష్ట్రాల విద్యాశాఖలూ ఏర్పాటు చేయాలని కోరుతున్నాను. ఆర్టీసీ డ్రైవర్లు, కండక్టర్లు, ఆశా కార్యకర్తలు, కల్యాణమండపాల సిబ్బంది, వ్యాయామశాలల శిక్షకులకు దీన్ని ఏటా మళ్లీ చేయించాలి. విద్యుత్ షాక్‌తో గుండె లయను సరిచేసే ఏఈడీ యంత్రాలు ఉన్నచోట వాటిని మేనేజరు గదిలో పెట్టి తాళం వేయకుండా అందరికీ కనిపించే గోడకు తగిలించాలి. మూత తీసి మీట నొక్కితే ఏం చేయాలో ఆ యంత్రమే చెబుతుంది.

మీకూ ఒక విన్నపం. ఇకపై ఇటువంటి వార్త రాసేటప్పుడు ఛాతీ ఎవరైనా నొక్కారా, ఎంతసేపటికి మొదలుపెట్టారు, 108కు ఎప్పుడు ఫోన్ వెళ్లింది, దగ్గర్లో ఏఈడీ ఉందా అన్న వివరాలు కూడా అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఖమ్మం