మా ఓడీ ఖాతా గొడవ, మీ రీఫండ్లు, కొత్త అకౌంటు

శ్రావణంలో మా దగ్గర చీరలు తీసుకుని, నచ్చకో రంగు తేడా వచ్చో తిప్పి పంపినవాళ్లలో కొంతమందికి డబ్బు ఇవ్వడం బాగా ఆలస్యమైంది. ఫోన్ చేసినవాళ్లకి "బ్యాంకు సమస్య అండీ" అని చెప్పి ఊరుకున్నాం. ఆ మాట డబ్బు ఎగ్గొట్టేవాళ్లు కూడా అంటారు. అందుకే లెక్కలతో సహా జరిగింది రాస్తున్నాను.

మంగళగిరిలో మాది చిన్న వ్యాపారం. నేతగాళ్లకి నూలు, జరీ ఇచ్చి నేయించుకుంటాం, కొంత ఇక్కడే దుకాణంలో, కొంత ఆన్‌లైన్‌లో అమ్ముతాం. ఇంటి కాగితాలు తాకట్టు పెట్టి తీసుకున్న ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్) ఖాతా ఉంది, అంటే మన డబ్బు లేకపోయినా లిమిట్ దాకా బ్యాంకు డబ్బు వాడుకునే అప్పు ఖాతా, లిమిట్ 8 లక్షలు. సీజన్ ముందు దాంట్లోంచి వాడతాం, చీరలు అమ్ముడైనకొద్దీ నింపుతాం. ఈ వీధిలో చాలామంది బతుకు అలాగే నడుస్తుంది.

వరలక్ష్మీ వ్రతం ఆర్డర్లు మీద ఉన్నప్పుడు, ఒక బుధవారం, ఖాతాలో ఇంకా 1,40,000 వాడుకునే వీలుంది. 80వ నంబరు నూలు కోసం షావుకారుకి ఐఎంపీఎస్‌లో (బ్యాంకు నుంచి బ్యాంకుకి వెంటనే డబ్బు పంపే పద్ధతి) 1,20,000 పంపాను. మా ఖాతాలో కట్ అయింది, ఆయనకి పడలేదు. స్క్రీన్ మీద 'పెండింగ్' అని వస్తోంది. ఆయన మంచివాడే, ఎప్పటినుంచో తెలిసినవాడే. కానీ ఆ ధరకి నూలు కావాలంటే చేతిలో డబ్బు పడాలి, ఆయన కూడా వెనక మిల్లుకి కట్టుకోవాలి.

మర్నాడు అద్దకం వాళ్లకి ఇచ్చిన 45,000 చెక్కు క్లియరింగ్‌కి వచ్చింది. ఖాతాలో 20,000 వీలే మిగిలింది. బ్యాంకు చెక్కు వెనక్కి పంపకుండా పాస్ చేసింది, ఆ మేలు కాదనను. లిమిట్ 25,000 దాటింది కాబట్టి 500, దాని మీద జీఎస్టీ 90, మొత్తం 590 వేశారు. ఆ తర్వాత వ్యాను ఈఎంఐ 18,400 వచ్చింది. ఖాతాలో లేదు, రిటర్న్. మా బ్యాంకు 590 వేసింది, వ్యాను అప్పిచ్చిన ఫైనాన్స్ కంపెనీ తన వంతు 590 వేసింది. వాళ్లు రెండు రోజులకి మళ్లీ పెట్టారు, మళ్లీ రిటర్న్, మళ్లీ రెండు వైపులా 590 చొప్పున. ఈలోగా దుకాణంలో క్యూఆర్ కొట్టి మీరు కట్టిన డబ్బు ఓడీలో పడగానే ఆ లోటులోకి పోతోంది.

శనివారం మజూరీలు ఇవ్వాలి. మా ఇద్దరి సేవింగ్స్ ఖాతాల్లో ఉన్నదంతా తీసి నేతగాళ్లకి ఇచ్చేశాం. మీకు రీఫండ్ ఇవ్వాల్సిన డబ్బు అదే. మీకు కోపం వచ్చే ఉంటుంది, న్యాయమే. కానీ గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకుని వారమంతా నేసిన మనిషికి శనివారం సాయంత్రం "బ్యాంకు సమస్య" అని చెప్పలేను. రేపు మళ్లీ ఇదే పరిస్థితి వచ్చినా ముందు మజూరీలే ఇస్తాను, ఆ సంగతి దాచను.

షావుకారుకి చేరని 1,20,000 ఆ తర్వాతి గురువారం మా ఖాతాలోకి తిరిగొచ్చింది. అన్ని రోజులూ ఆ డబ్బు నా దగ్గరా లేదు, ఆయన దగ్గరా లేదు. దాని మీద ఓడీ వడ్డీ మాత్రం నాకే పడింది, 289 రూపాయలు.

ఇక బ్రాంచికి వెళ్తే అక్కడి ఆఫీసరు మానిటర్ నా వైపు తిప్పి, "చూడండమ్మా, సిస్టమే కట్ చేసుకుంది, మేం వేయలేదు" అన్నారు. పోయిన డబ్బు గురించి అడిగితే తప్పు అవతలి బ్యాంకుదట. షావుకారు ఆ అవతలి బ్యాంకుకి వెళ్తే, పంపిన బ్యాంకునే అడగమన్నారట. ఆ ఆఫీసరు మర్యాదస్తుడే, కుర్చీ వేశారు, మంచినీళ్లు ఇప్పించారు. ఆయన చేతిలో ఏమీ లేదన్నది కూడా నిజమే కావచ్చు. డబ్బు తీసుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, తిరిగి ఇవ్వడానికి మాత్రం రీజినల్ ఆఫీసు అప్రూవల్ కావాలట. నాకు ఒళ్లు మండింది అక్కడే.

రూలు ఏమిటో మా అబ్బాయి, నేను కూర్చుని చదివాం. రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న ఇచ్చిన సర్క్యులర్ ఒకటుంది, అదే ఏడాది అక్టోబరు 15 నుంచి అమల్లో ఉంది. ఐఎంపీఎస్‌లో మన ఖాతాలో కట్ అయి అవతలి వాళ్లకి పడకపోతే, మరుసటి రోజుకల్లా ఆ డబ్బు దానంతటదే వెనక్కి రావాలి. అది దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున పరిహారం. కస్టమరు అడిగేదాకా ఆగకుండా బ్యాంకే వేయాలని కూడా అందులో ఉంది. మాకు ఏడు రోజులు ఆలస్యమైంది, ఆ లెక్కన 700 రావాలి. వేయలేదు, అడిగితేనే తప్ప దాని ఊసే లేదు.

ఫిర్యాదు రాస్తే వచ్చిన జవాబులో ఆ ఓవర్‌లిమిట్ 590ని 'పీనల్ చార్జీ' అన్నారు. అప్పు షరతులు తప్పినందుకు వేసే పీనల్ చార్జీ మీద వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టు 18న చెప్పింది. అలాంటి చార్జీలకు జీఎస్టీ వర్తించదని 2024 డిసెంబరులో జీఎస్టీ కౌన్సిల్ తేల్చింది. మా స్టేట్‌మెంట్‌లో జీఎస్టీ ఉంది, నెల తిరిగేసరికి ఆ 590 మీద వడ్డీ కూడా కలిసింది. వడ్డీ ఎంతంటారా, ఐదు రూపాయల చిల్లర. నవ్వొస్తుంది, నాకూ వచ్చింది. కానీ అది జరిమానా అయితే జీఎస్టీ ఎందుకు, సర్వీస్ చార్జీ అయితే చేసిన సర్వీస్ ఏమిటి? రెండిట్లో ఒకటి చెప్పమని రాశాను. దానికి మాత్రం ఇప్పటిదాకా జవాబు లేదు.

బ్యాంకుకి ఫిర్యాదు ఇచ్చాక 30 రోజులు చూడాలి. జవాబు రాకపోయినా, వచ్చింది మనకి సమ్మతం కాకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టుకోవచ్చు. పైసా ఖర్చు లేదు, లాయరు అక్కర్లేదు. పనికొచ్చింది స్టేట్‌మెంటు, లావాదేవీ నంబరు, బ్రాంచిలో ఇచ్చిన లెటరు మీద వేయించుకున్న స్టాంపు. ఆ స్టాంపు వేయించుకోవడం మర్చిపోకండి, నోటిమాటకి అక్కడ విలువ లేదు. అంబుడ్స్‌మన్‌కి పెట్టిన కొద్ది రోజులకే బ్యాంకు నుంచి ఫోను వచ్చింది, 590 మూడు సార్లు, 700 పరిహారం, మొత్తం 2,470 వెనక్కి వేశారు. మెసేజ్‌లో 'గుడ్‌విల్' కింద ఇస్తున్నామని ఉంది. దయ తలచి ఇచ్చారన్నమాట! ఫైనాన్స్ కంపెనీ తీసుకున్న 1,180 పోయినట్టే. మీ రిటర్న్‌తో మాకు సంబంధం లేదంటారు వాళ్లు. 289 వడ్డీ గురించి ఇంకా రాస్తూనే ఉన్నాను.

మరి ఆ బ్యాంకులో ఎందుకు ఉన్నారని కొందరు అడిగారు. ఓడీ వేరే చోటికి మార్చాలంటే మళ్లీ లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్, తాకట్టు ఖర్చులు, ప్రాసెసింగ్ ఫీజు. 2,470 కోసం పోట్లాడి పాతికవేలు పోసుకున్నట్టవుతుంది. చిన్న వ్యాపారులకు 2026 జనవరి 1 నుంచి మంజూరయ్యే, రెన్యూవల్ అయ్యే ఫ్లోటింగ్ (రేటు మారుతూ ఉండే) వడ్డీ అప్పులపై ముందే కట్టేస్తే బ్యాంకులు చార్జీ వేయకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. మా రెన్యూవల్ మార్చిలో వస్తుంది, అప్పుడు చూస్తాం.

ఇప్పటికి మార్చింది ఒకటే. మీరు కట్టే డబ్బు ఇకమీదట ఓడీలోకి వెళ్లదు. వేరే బ్యాంకులో మామూలు కరెంటు ఖాతా తీశాం, రీఫండ్లకి కావాల్సింది అందులోనే ఉంచుతాం. ఆ నంబరు ఇక్కడ రాయడం లేదు. "మా అకౌంట్ మారింది, ఈ కొత్త నంబరుకి పంపండి" అనేది మోసగాళ్లు పంపే మెసేజ్ కూడా. కొత్త వివరాలు మా బిల్లు మీద అచ్చయి ఉంటాయి, దుకాణంలో కొత్త క్యూఆర్ పెట్టాం. అనుమానం వస్తే పాత బిల్లు మీది ఫోన్ నంబరుకి చేయండి. నెఫ్ట్‌లో పంపేవాళ్లకి ఇప్పుడు ఖాతాదారు పేరు ముందే కనిపిస్తుంది. అక్కడ మా దుకాణం పేరే రావాలి, ఏ మనిషి పేరు వచ్చినా ఆపేయండి.

యూపీఐలో మీకు కట్ అయి మాకు పడకపోతే వెంటనే రెండోసారి కొట్టకండి. 12 అంకెల రిఫరెన్స్ నంబరు పంపండి, చీర మీ పేరున పక్కన పెడతాం. దుకాణం క్యూఆర్‌కి కట్టినదైతే ఐదు రోజుల్లోపు మీ ఖాతాకి వెనక్కి రావాలి, ఆ తర్వాత రోజుకి 100 మీ హక్కు. స్క్రీన్‌షాట్ చూసి మాత్రం చీర ఇవ్వం, మా సౌండ్‌బాక్స్ పలకాల్సిందే. ఈ మాటకి కొందరు నొచ్చుకున్నారని తెలుసు.

ఇంకొకటి, పొరపాటున ఎక్కువ పంపామని, మిగతాది ఫలానా వేరే నంబరుకి పంపమని ఎవరడిగినా పంపం. ఎవరో మోసపోయిన డబ్బు అలా దుకాణం ఖాతా మీదుగా పోతే, సైబర్ క్రైమ్ కేసులో మన ఖాతా స్తంభించిపోతుంది. రీఫండ్ ఏదైనా వచ్చిన ఖాతాకే వెళ్తుంది.

శ్రావణం రీఫండ్లలో మూడు మిగిలాయి, ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాం, ఈ సోమవారం వేస్తాం. చీరల ధరలు పెంచలేదు. మీకు మేం ఇంకా బాకీ ఉన్నామనిపిస్తే బిల్లు నంబరు పట్టుకుని ఫోన్ చేయండి. శనివారం సాయంత్రం తప్ప ఎప్పుడైనా ఎత్తుతాం.