ముందుగా ఆ గదిలో నుంచి ఏమేం తీసివేయాలి?

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరమూ, దానితో పంపిన గది పటమూ అందాయి. మీ కేంద్రంలో వెలుతురు, శబ్దం, స్పర్శ వంటివి అతిగానో తక్కువగానో తోచే ఇంద్రియ స్పందనల ఇబ్బందులున్న వారి కోసం ఒక సెన్సరీ గది, అంటే అలాంటి అనుభూతులను తమకు తగినట్టు అమర్చుకునే గది, ఏర్పాటు చేస్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. అయితే ఒక మూల నీటిలో బుడగలు లేచే గొట్టం, పైకప్పు నిండా సన్నని తీగల చివర వెలిగే ఫైబర్ ఆప్టిక్ దీపాలు, గోడ మీద కదిలే రంగులు, వీటన్నింటికీ తోడు సంగీతమూ సుగంధమూ ఉండటం చూసి కొంత కంగారు పడ్డాను. బయటి వెలుతురునూ రొదనూ భరించలేక ఆ గదిలోకి వచ్చే మనిషికి ఇవన్నీ ఒక్కసారిగా ఎదురైతే అది విశ్రాంతి గది అవుతుందా, మరో సంత అవుతుందా?

ఈ పరికరాలన్నీ ఎక్కడి నుంచి వచ్చాయో గుర్తు చేసుకుంటే విషయం తేటపడుతుంది. 1970లలో నెదర్లాండ్స్‌లోని ఏడె పట్టణంలో, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్నవారు నివసించే హార్టెన్‌బర్గ్ కేంద్రంలో యాన్ హుల్సెగ్గె, ఆడ్ వెర్‌హ్యూల్ అనే ఇద్దరు ఇలాంటి గదులకు ప్రాచుర్యం తెచ్చారు. చూడటానికీ, తాకడానికీ, వినడానికీ పెద్దగా ఏమీ దొరకని జీవితాలకు అక్కడ రంగులూ స్పర్శలూ అందించారు. అంటే అది అనుభూతి కొరవడిన వారికి అనుభూతిని సమకూర్చే ప్రయత్నం. మీ కేంద్రానికి వచ్చేవారిలో చాలామందికి అనుభూతి ఎక్కువై బాధ అని నువ్వే రాశావు. అక్కడి సామగ్రిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తేవడంలో అర్థం లేదు.

అందుకే కొనుగోళ్ల జాబితాను కొన్నాళ్లు పక్కన పెట్టి, ఖాళీ గదిలో దీపాలన్నీ వేసి నిశ్శబ్దంగా కాసేపు కూర్చో. పాత చోకుతో వెలిగే ట్యూబులైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద సెకనుకు 100 సార్లు మినుకుతుంది; మన కంటికి ఆనకపోయినా కొందరిని అది అలసిపోయేలా చేస్తుంది, పైగా చోకు రొద ఒకటి. వెలుతురును తగ్గించే చవకరకం డిమ్మరుతో ఎల్ఈడీ దీపాలు కూడా మినుకుతాయి కనుక కొనే ముందు తక్కువ వెలుతురులో పెట్టి పరీక్షించు. ఆ తర్వాత గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టు. శబ్దం మోగుతూ ఉంటే గోడలకూ పైకప్పుకూ ధ్వనిని పీల్చుకునే పలకలు వేయించాలి. ప్రత్యేక వినికిడి, సంభాషణ అవసరాలున్న పిల్లల తరగతి గదుల్లో ధ్వని అణగడానికి పట్టే సమయం 0.4 సెకన్లకు మించరాదని ఇంగ్లండు బడి భవనాల ప్రమాణాలు చెబుతాయి. ఆ అంకె నీకూ ఒక కొలమానంగా పనికివస్తుంది. సుగంధం మాత్రం పూర్తిగా మానేయి. దీపం ఆర్పవచ్చు, పాట ఆపవచ్చు, గోడలకు పట్టిన వాసనను ఏం చేస్తావు?

ఇంత చెప్పినంత మాత్రాన గది బోసిగా ఉండాలని కాదు. ఒకే మనిషి శబ్దానికి చెవులు మూసుకుంటూ, మరోపక్క గట్టి ఒత్తిడి కోసమో ఊగడం కోసమో తపించవచ్చు. కండరాలూ కీళ్లూ అందించే జ్ఞానానికీ, లోపలి చెవిలోని సమతుల్య జ్ఞానానికీ మన ప్రవర్తనతో ఎంత సంబంధం ఉందో అమెరికన్ ఆక్యుపేషనల్ థెరపిస్టు (రోజువారీ పనులు చేసుకోవడానికి సాయపడే చికిత్సకురాలు) జీన్ ఎయర్స్ చాలాకాలం క్రితమే వివరించారు. కనుక ఒదిగి కూర్చునే బీన్ బ్యాగూ, పై హుక్కు బరువును ఇంజనీరు పరీక్షించిన ఊయలా, కావలసినప్పుడు కప్పుకునే బరువు దుప్పటీ ఉంచు. దుప్పటిని ఎవరి సాయమూ లేకుండా తొలగించుకోగలవారికే ఇవ్వాలి. పసిపిల్లలకు అసలే వద్దు.

నన్నడిగితే అన్నిటికన్నా ముఖ్యమైనది మీట ఎవరి చేతిలో ఉందన్నది. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2021లో ప్రచురించిన అధ్యయనంలో, ఆటిజం ఉన్న 41 మంది పిల్లలు పరికరాలను తామే నడిపించగలిగినప్పుడు వారి శ్రద్ధ మెరుగుపడిందనీ, పదే పదే చేసే కదలికలు తగ్గాయనీ తేలింది. మరి నీ పటంలో స్విచ్చులన్నీ తలుపు బయట, సిబ్బందికి అందే ఎత్తులో ఉన్నాయి! వాటిని లోపలికి, నేల మీద పడుకున్నవారికీ చక్రాల కుర్చీలో ఉన్నవారికీ అందేటట్టు మార్పించు. ఒక్కో పరికరానికి ఒక్కో మీట, అన్నిటినీ ఒకేసారి ఆపడానికి ఒక పెద్ద మీట ఉంటే చాలు. సెకనుకు 3 నుంచి 30 సార్లు మెరిసే దీపాలు మూర్ఛ ఉన్న కొందరికి ప్రమాదకరం కనుక అలాంటివి గదిలో ఉండనే కూడదు.

తలుపుకు బయట గొళ్లెం పెట్టించవద్దు. అల్లరి చేసిన పిల్లవాణ్ణి అందులోకి పంపే అలవాటు ఒకసారి మొదలైతే ఆ గది శిక్షాస్థలమే అవుతుంది. ఎంత మెత్తటి పరుపు వేసినా ఆ పేరు పోదు. అలాగే దాతలకు రాసే విజ్ఞప్తిలో ఈ గది వ్యాధి నయం చేస్తుందని రాయకు. ఇది సేదతీరే చోటు, అంతవరకే.

కొత్త పటం గీసే ముందు, ఆ గదిని వాడబోయేవారిని అక్కడ కూర్చోబెట్టి వారికి ఏది ఇబ్బందిగా ఉందో అడుగు. మాట్లాడలేని వారైతే ఎటు తిరుగుతున్నారో, దేనికి దూరం జరుగుతున్నారో గమనించు. పక్క గదిలో ఏముందో, గాలి ఆడటానికి ఏ ఏర్పాటు చేశారో కూడా రాయి. ఎగ్జాస్ట్ ఫ్యాను ఆ గోడకే ఉంటే దాని సంగతి ముందు తేల్చాలి.

నీ
మిత్రుడు