కుక్కకు కారు వెళ్లేంత వరకే అనుమతి

సంపాదకులకు,

అమెరికాలో చలికాలంలో క్యాంపర్ (లోపలే పడుకుని వండుకునే బండి) యాత్రల మీద మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసానికి ఎవరో ఒకరు జవాబు రాస్తారులే అని ఇన్నాళ్లూ ఊరుకున్నాను. ఎవరూ రాయలేదు. పైగా మా చుట్టుపక్కల మనవాళ్లు ఆ పేజీ వాట్సాప్‌లో పంచుకుని ప్లాన్లు వేసుకుంటున్నారు.

“కుక్కల్ని వెంటేసుకుని నేషనల్ పార్కులన్నీ చుట్టేయండి” అన్నారు. బాగుంది. పైన వేసిన ఫోటోలో డెలికేట్ ఆర్చ్ అనే రాతి తోరణం ముందు లీష్ (మెడపట్టీకి కట్టే తాడు) కూడా లేని లాబ్రడార్! అది ఉన్న ఆర్చెస్ పార్కులో ఏ ట్రెయిల్ (కాలిబాట) మీదికీ కుక్కను రానివ్వరు. చాలా పార్కుల్లో కుక్కకు అనుమతి కారు వెళ్లేచోటికే. అంటే రోడ్డు, పార్కింగ్, క్యాంప్‌గ్రౌండ్, అదీ 6 అడుగులు దాటని లీష్‌తో. జయాన్ పార్కులో పారూస్ ట్రెయిల్ ఒక్కటే మినహాయింపు. గ్రాండ్ కాన్యన్ సౌత్ రిమ్‌లో, అంటే దక్షిణపు వైపున, లోయ అంచు వెంట నడిపించొచ్చు గానీ లోయలోకి దింపకూడదు, షటిల్ బస్సు ఎక్కించకూడదు. పోనీ చెట్టుకు కట్టేసి వెళ్దామా అంటే అదీ కుదరదు. ఒకరు కొండ ఎక్కితే ఇంకొకరు క్యాంపర్‌లో కుక్కకు కాపలా. ఈ ముక్క మీ వ్యాసంలో ఎక్కడా లేదు.

పెట్రిఫైడ్ ఫారెస్ట్ పార్కు దారుల్లో, వైట్ శాండ్స్ పార్కు ఇసుక దిబ్బల మీద లీష్‌తో హాయిగా తిప్పుకోవచ్చు. కాకపోతే రాత్రికి క్యాంపర్‌ను పార్కు బయట ఎక్కడో పెట్టుకోవాలి. ఆ రెండు పేర్లూ వదిలేసి మీవారు మొదట రాసింది యెల్లోస్టోన్! మంచు పడ్డాక అక్కడ ఉత్తర ద్వారం నుంచి ఈశాన్యం వైపు పోయే రోడ్డు తప్ప మిగతా దాదాపు అన్నీ మామూలు బండ్లకు మూసేస్తారు. గీజర్ల (నేలలోంచి ఎగజిమ్మే వేడినీటి బుగ్గల) దగ్గరి చెక్కదారుల మీదికి కుక్కను ఏ కాలంలోనూ రానివ్వరు.

కుక్కల స్వెటర్లకు అరపేజీ ఇచ్చినవారు యాంటీఫ్రీజ్‌కి (చలికి గడ్డకట్టకుండా పోసే ద్రవానికి) ఒక్క వాక్యం ఇవ్వలేకపోయారా? క్యాంపర్ నీళ్ల పైపుల్లో పోసేది వేరు, కారు రేడియేటర్‌లో పోసేది వేరు. రేడియేటర్‌లో పోసేది సాధారణంగా ఇథిలీన్ గ్లైకాల్. తియ్యగా ఉంటుంది. కింద కారినది కాస్త నాకినా కుక్క ప్రాణం మీదికొస్తుంది.

మిమ్మల్నే అని ఏం లాభం, పార్కులవాళ్లూ అంతే. క్యాంప్‌గ్రౌండ్ బుక్ చేసేటప్పుడు “పెట్స్ అలౌడ్” అని కనిపిస్తుంది. ఎంతవరకు అలౌడో తెలియాలంటే ఒక్కో పార్కు పేజీలోకి వెళ్లి తవ్వుకోవాలి. ఫోన్ చేస్తే రికార్డు మోగుతుంది. 2025 ఫిబ్రవరిలో సుమారు వెయ్యిమంది పార్కు ఉద్యోగుల్ని ఒక్కసారిగా తీసేశారు. కోర్టులు కలగజేసుకున్నాక కొందరిని వెనక్కి పిలిచారట. అదే ఏడాది నిధులు మంజూరు కాక ప్రభుత్వ కార్యాలయాలు 43 రోజులు మూతపడినా చాలా పార్కుల గేట్లు మాత్రం బార్లా తెరిచే ఉంచారు, లోపల అడిగే నాథుడు లేడు.

ఇక జనం సంగతి. ఆన్‌లైన్‌లో “సర్వీస్ డాగ్” (వైకల్యం ఉన్నవారికి సాయపడేలా శిక్షణ పొందిన కుక్క) అని రాసున్న కోటు కొని పొమరేనియన్‌కి తొడిగి ట్రెయిల్ ఎక్కించేవాళ్లు ఎక్కువైపోయారు. ఇందులో మనవాళ్లూ ఏం తక్కువ తినలేదు. దాని ఫలితం, నిజంగా చూపు లేనివారి కుక్కను కూడా అందరూ అనుమానంగా చూస్తున్నారు. ఇలాంటప్పుడు సిబ్బంది అడగదగినవి రెండే ప్రశ్నలు: వైకల్యం వల్ల ఈ కుక్క అవసరమా, ఏ పనికి శిక్షణ ఇచ్చారు అని. ఆ రెండు అడగడానికైనా అక్కడొక మనిషి ఉండాలి కదండీ?

– ఒక పాఠకురాలు, ఫీనిక్స్