ఫ్రమ్ అడ్రస్ చూసి దొంగ ఎవరో రాసేయకండి

సంపాదకులకు నమస్కారం.

దొంగ ఈమెయిళ్ల గురించి వార్త వచ్చినప్పుడల్లా అందులో 'ఫలానా అడ్రస్ నుంచి మెయిల్ వచ్చింది' అనే ముక్క ఉంటుంది. అక్కడికి ఆ అడ్రస్ ఉన్నవాళ్లే పంపారని జనం ఖాయం చేసేసుకుంటారు. నిజంగా ఆ అడ్రస్ నుంచి వచ్చిందా, ఆ అడ్రస్ తగిలించుకుని ఇంకెక్కడి నుంచో వచ్చిందా అని ఎవరైనా చూశారా?

ఇంత గట్టిగా ఎందుకు అడుగుతున్నానంటే, ఓసారి నాకు నా అడ్రస్ నుంచే మెయిల్ వచ్చింది. నీ కంప్యూటర్ మా చేతిలో ఉంది, కావాలంటే చూసుకో, నీ అకౌంట్‌లోంచే నీకు రాస్తున్నాం, బిట్‌కాయిన్లు పంపకపోతే నీ వీడియోలు అందరికీ పంపిస్తాం అని బెదిరింపు. పాస్‌వర్డ్ మార్చాను, సెంట్ ఫోల్డర్ అంతా గాలించాను, అందులో ఆ మెయిల్ లేదు, అయినా టెన్షన్ తగ్గక ఆ రాత్రి నిద్రపోలేదు. మర్నాడు ఈ పని తెలిసిన స్నేహితుడు హెడర్ (మెయిల్‌తో పాటు వచ్చే, మామూలుగా మనకు కనిపించని వివరాల చిట్టా) తీసి చూపించాక నా భయానికి నాకే సిగ్గేసింది.

మెయిల్ పంపే ఎస్ఎంటీపీ పద్ధతి 1982 నాటిది. ఫ్రమ్ దగ్గర రాసిన పేరు నిజమేనా అని అడిగే ఏర్పాటు అందులో లేదు. ఆ తనిఖీలు తర్వాతెప్పుడో పైన అతికించినవి. కానీ మెయిల్ ఏయే సర్వర్ల మీదుగా వచ్చిందో ఆ జాడ మాత్రం హెడర్‌లో ఉంటుంది. జీమెయిల్‌ని కంప్యూటర్‌లో తెరిచి, మెయిల్ పక్కన మూడు చుక్కలు నొక్కితే 'షో ఒరిజినల్' అని కనిపిస్తుంది. అందులో 'రిసీవ్డ్' అనే వరసలు చూడాలి. ప్రతి సర్వరూ తన వరసను అన్నిటికంటే పైన పెడుతుంది కాబట్టి కింది నుంచి పైకి చదవమని చాలామంది చెబుతారు. చిక్కల్లా అక్కడే ఉంది, అట్టడుగు వరసలను దొంగే ముందుగా రాసి పంపొచ్చు! అందుకే నా స్నేహితుడు పైనుంచి దిగుతూ వచ్చాడు. బయటి సర్వర్ నుంచి మన మెయిల్ కంపెనీ సర్వర్ అందుకున్న వరస ఒకటి ఉంటుంది, నమ్మాల్సింది దాన్ని. అందులో కూడా అవతలివాడు చెప్పుకున్న పేరు వదిలేసి, మన సర్వర్ స్వయంగా రాసుకున్న ఐపీ అడ్రస్ (నెట్‌లో అవతలి కంప్యూటర్‌కి ఉండే నంబరు) పట్టుకోవాలి. నా మెయిల్‌లో ఆ ఐపీకీ నా మెయిల్ కంపెనీకీ ఏ సంబంధమూ లేదు. తర్వాత అతికించారని చెప్పిన తనిఖీల్లో ఎస్‌పీఎఫ్, డీమార్క్ అనేవి రెండు, ఆ రెండింటి దగ్గరా 'ఫెయిల్' అని ఉంది.

అలాగని 'పాస్' అని ఉంటే మంచివాడని కాదు. ఇంగ్లిష్ 'ఎమ్' అక్షరం ఉండాల్సిన చోట 'ఆర్', 'ఎన్' పక్కపక్కన పెట్టి, చూడ్డానికి అసలుదానిలాగే ఉండే డొమైన్ (అడ్రస్‌లో @ తర్వాత ఉండే పేరు) కొనుక్కున్నవాడికి అన్నీ పాసే వస్తాయి. అది వాడి సొంత డొమైనే కదా మరి.

ఐపీ దొరికితే దొంగ దొరికినట్టూ కాదు. హూయిజ్ అనే నెట్ రిజిస్టర్‌లో వెతికితే అది ఏ నెట్‌వర్క్‌దో తెలుస్తుంది, అంతే. ఆ కంప్యూటర్ కూడా ఎవరో అమాయకుడిదే కావచ్చు, హ్యాక్ చేసి వాడుకుని ఉండొచ్చు. నేను ఆ నెట్‌వర్క్ వాళ్ల ఫిర్యాదు అడ్రస్‌కి రాశాను, ఇప్పటికీ జవాబు లేదు. ఇక దొంగ నేరుగా జీమెయిల్ సైట్‌లో కూర్చుని పంపితే హెడర్‌లో గూగుల్ సర్వర్లే కనిపిస్తాయి తప్ప వాడి ఐపీ కనిపించదు. అది కావాలంటే పోలీసులు చట్టప్రకారం కంపెనీని అడగాల్సిందే. ఐపీ కొడితే ఇంటి గుమ్మం చూపిస్తామనే సైట్లను మాత్రం నమ్మకండి, ఊరి పేరు కూడా చాలాసార్లు తప్పే చెబుతాయి.

మీ పత్రికకు రెండు విన్నపాలు. విచారణలో తేలేదాకా 'ఫలానా అడ్రస్ పేరుతో వచ్చిన మెయిల్' అని రాయండి. రెండోది, అనుమానం వస్తే వెంటనే డిలీట్ చేయండి అని సలహా ఇస్తుంటారు, డబ్బు పోయినవాళ్లకీ బెదిరింపులు వచ్చినవాళ్లకీ ఆ మాట చెప్పకండి. స్క్రీన్‌షాట్‌లో హెడర్ రాదు, మామూలుగా ఫార్వర్డ్ చేస్తే పాత హెడర్ పోతుంది. మెయిల్‌ని ఈఎంఎల్ ఫైల్‌గా (హెడర్‌తో సహా మెయిల్ మొత్తం ఉండే ఫైల్) డౌన్‌లోడ్ చేసి దాచుకుని, ఫిర్యాదుతో పాటు ఆ ఫైల్ ఇవ్వమని చెప్పండి.

ఇట్లు,
ఒక పాఠకుడు