రగ్గు కప్పని గుర్రాలకు ఈ శీతాకాలం మేము చేసే క్లిప్పింగ్

వాయవ్య ఇంగ్లండులోని కంబ్రియాలో మా చేత గుర్రాలకు క్లిప్పింగ్, అంటే దట్టమైన శీతాకాలపు బొచ్చును మిషనుతో కత్తిరించడం, చేయించుకుంటున్న వారందరికీ నమస్కారం. అక్టోబరు బుకింగులు మొదలుకాకముందే ఒక నిర్ణయాన్ని స్పష్టంగా చెప్పదలిచాను. శీతాకాలమంతా రగ్గు (గుర్రం ఒంటికి కప్పే దుప్పటి) కప్పకుండా పొలంలోనే వదిలే గుర్రాలకు ఇకపై మేము బిబ్ క్లిప్ (మెడ ముందు భాగం, రొమ్ము మాత్రం తీసేది) మాత్రమే చేస్తాం, మరీ అవసరమనిపిస్తే లో ట్రేస్ క్లిప్ (వాటితో పాటు పొట్ట కింది బొచ్చు కూడా తీసేది) వరకు వెళతాం. బ్లాంకెట్ క్లిప్ (వీపు మీద దుప్పటి ఆకారంలో బొచ్చు వదిలి మెడ, పొట్ట తీసేది), హంటర్ క్లిప్ (కాళ్ళు, జీను చోటు తప్ప ఒళ్ళంతా తీసేది) అడిగినవారు ముందుగా రగ్గు చూపించాలి. వ్యాపారపరంగా ఇది మాకు లాభించే నిర్ణయం కాదు. పెద్ద క్లిప్‌కు వచ్చే డబ్బులో సగం కూడా బిబ్ క్లిప్‌కు రాదు. దారి ఖర్చు, బ్లేడ్లకు సాన పట్టించే ఖర్చు మాత్రం రెండింటికీ ఇంచుమించు ఒకటే.

కారణం గుర్రం బొచ్చు పనిచేసే తీరులోనే ఉంది. మలక్‌పేట రేసుకోర్సు గుర్రాలను చూస్తూ పెరిగిన నాకు, ఒక గుర్రానికి ఇంత దట్టంగా బొచ్చు మొలుస్తుందని ఇక్కడికి వచ్చాకే తెలిసింది. జూన్ చివర పగటి పొద్దు తగ్గడం మొదలైనప్పటి నుంచే దాని ఒంట్లో సన్నాహాలు జరుగుతాయి; సెప్టెంబరు నాటికి కొత్త బొచ్చు కంటికి కనబడుతుంది. చలి వేసినప్పుడు వెంట్రుకలు నిక్కబొడుచుకొని, వాటి మధ్య చిక్కుకున్న గాలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. చర్మం నుంచి ఊరే జిడ్డు వల్ల వాన నీరు పై వెంట్రుకల మీదుగానే జారి, పొట్ట కింది నుంచి కారిపోతుంది, చర్మం దాకా చేరదు. వాన నేరుగా పడేది వీపు, నడుము, పిరుదుల మీద కనుక, రగ్గు లేని గుర్రానికి ఆ భాగాల్లో మిషను పెట్టడమంటే ఇంటి పైకప్పు తీసేయడమే. కాళ్ళ బొచ్చు కూడా బురద నుంచి కాపాడుతుంది కాబట్టి దాన్నీ ముట్టుకోము.

అలాంటప్పుడు క్లిప్పింగే ఎందుకని కొందరు అడుగుతున్నారు. వారానికి ఒకటి రెండుసార్లు నెమ్మదిగా నడిపించే గుర్రానికి నిజంగానే అక్కరలేదు, ఆ మాట చెప్పడానికి మాకు మొహమాటం లేదు. తరచుగా పరుగు పెట్టే గుర్రం సంగతి వేరు. నిండు బొచ్చుతో చెమట పట్టిన గుర్రం ఆరడానికి గంటలు పడుతుంది, డిసెంబరులో నాలుగు గంటలకల్లా చీకటిపడే ఈ ప్రాంతంలో తడి ఒంటితోనే దాన్ని రాత్రి చలిలోకి వదలాల్సి వస్తుంది. కాబట్టి ఎంత మేర తీయాలో చెమటనే అడగాలి. సవారీ ముగిసి జీను దించగానే వేళ్ళను బొచ్చుకు ఎదురుగా పోనిచ్చి చూడండి: పైన పొడిగా కనిపించినా కుదుళ్ళ దగ్గర తడి తగులుతుంది. చాలా గుర్రాల్లో ఆ తడి గొంతు కింద, రొమ్ము మీద, ముంగాళ్ళ మధ్య, మోచేతుల వెనక ఉంటుంది. తడి గొంతుకూ రొమ్ముకూ పరిమితమైతే బిబ్ క్లిప్ సరిపోతుంది. దవడ కింది నుంచి మెడ ముందు భాగం, రొమ్ము తీసి, ముంగాళ్ళ మధ్య ఆపుతాం. డొక్కల వరకూ చెమట నురుగు కట్టే గుర్రానికే లో ట్రేస్ గురించి ఆలోచిస్తాం.

ఇక్కడ మీ పొలం ఎక్కడుందన్నది చాలా ముఖ్యం. లో ట్రేస్‌లో పొట్ట బొచ్చు కూడా పోతుంది. ఇంగ్లండులో జనం నివసించే చోట్లలో అత్యధికంగా వాన పడేదని పేరున్న సీత్‌వైట్ మన బారోడేల్ లోయలోనే ఉంది, అక్కడ ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. ఆ చుట్టుపక్కల తడి నేల మీద పడుకునే గుర్రానికి పొట్ట బొచ్చు తీయము. పెన్రిత్ వైపు ఈడెన్ లోయలో వాన అంతకంటే చాలా తక్కువ. నీరు నిలవని నేల, గాలికి అడ్డుగా మూడు గోడల కొట్టం, ఎప్పుడూ అందుబాటులో ఎండుగడ్డి ఉంటే అక్కడ లో ట్రేస్‌కు అభ్యంతరం లేదు. ఎండుగడ్డిని ఊరికే చెప్పడం లేదు: పేగుల్లో పీచు పులిసేటప్పుడు పుట్టే వేడే గుర్రానికి లోపలి కుంపటి.

తేలికగా ఒళ్ళు చేసే ఫెల్ పోనీల (ఈ కొండ ప్రాంతపు పొట్టి గుర్రాల జాతి) విషయంలో లెక్క కొంత మారుతుంది. వసంతంలో కొత్త పచ్చిక వచ్చేలోగా బరువు తగ్గకపోతే వాటికి లామినైటిస్ (గిట్టల లోపల వాపు వచ్చి బాధపెట్టే జబ్బు) ముప్పు ఉంటుంది కనుక, కొంత బొచ్చు తీసి, రగ్గు కప్పకుండా వదిలితే ఒంటి వేడి కోసం కొవ్వు కరుగుతుందని పశువైద్యులు సూచించడం మామూలే. అలా చేయించాలనుకుంటే సంతోషంగా చేస్తాం, కానీ మీ డాక్టరు సలహా మీదే చేస్తాం. ముసలి గుర్రాలకు, పక్కటెముకలు చేతికి స్పష్టంగా తగిలే బక్క గుర్రాలకు ఈ ఉపాయం పనికిరాదు.

గీత ఎక్కడ గీయాలో సందేహం ఉంటే తక్కువ వైపే మొగ్గుతాం. సుద్దతో గీసి మీకు చూపిస్తాం, ముందు బిబ్ వరకే తీస్తాం. రెండు మూడు వారాల సవారీ తర్వాత ఇంకా చెమట పడుతుంటే మళ్ళీ వచ్చి పెంచుతాం, ఆ రెండో విడతకు దారి ఖర్చు మాత్రమే తీసుకుంటాం. వెంట్రుక కాస్త పొడవుగా మిగిల్చే ముతక బ్లేడే రగ్గు లేని గుర్రాలకు వాడతాం; చారలు పడతాయి, చూడటానికి అంత నున్నగా ఉండదు, దయచేసి అర్థం చేసుకోండి.

మేము వచ్చే ముందు గుర్రాన్నంతా షాంపూతో కడగవద్దు. వాన ఆపే జిడ్డు కూడా దానితో పోతుంది. గొంతు, రొమ్ము మాత్రం శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి, మిగతా ఒంటి మీది బురదను ఎండాక బ్రష్షుతో రాలగొడితే చాలు. తడి బొచ్చు మీద మిషను నడవదు కనుక తడిసి ఉంటే మరో రోజు వస్తాం.

బుక్ చేసుకునేటప్పుడు పొలం ఉన్న ఊరు, వారంలో సవారీ ఎన్ని రోజులు, జీను దించగానే తీసిన రెండు పక్కల ఫొటోలు పంపండి. జనవరి చివరి తర్వాత కొత్త క్లిప్‌లు తీసుకోము. అప్పటికి వేసవి బొచ్చు మొలవడం మొదలై ఉంటుంది.